మీకు తెలుసా? పేనును ఓడించేది 9వ రోజే!

ఇలా దగ్గరికి జరగండి, ఒక మాట చెప్పాలి! మీ పాప తల్లో పేలు పడ్డాయా? కంగారు వద్దు. సిగ్గు అసలే వద్దు! అమెరికాలో ఏటా 60 లక్షల నుంచి 1 కోటి 20 లక్షల మంది పిల్లలకు పేలు పడతాయని అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ అంచనా. ఇంటింటా వేడినీళ్లు, వరసగా షాంపూ సీసాలు ఉండే దేశమండీ అది! అక్కడే అంతమందికి పడితే, మన పిల్లకు పడినంత మాత్రాన మన పెంపకంలో లోపం ఉన్నట్టా?

అసలు పేనుకు మురికితో పనే లేదు! దానికి కావలసింది రక్తం, నెత్తి మీది వెచ్చదనం. అంతే! 4 నుంచి 6 గంటలకోసారి దానికి ఆకలేస్తుంది. నిన్ననే కుంకుడుకాయ రసంతో తలంటుకున్న తలైనా, వారం రోజులుగా నీళ్లు తగలని తలైనా దానికి ఒకటే! "పిల్లకు స్నానం చేయించడం లేదా?" అని ఎవరైనా అడిగితే తల దించుకోకండి. ఈ సంగతే చెప్పండి!

పెద్ద పేను ఎంతుంటుందో తెలుసా? నువ్వుగింజంత! మహా అయితే 3 మి.మీ. ఆ కాస్త ఒంటికే 6 కాళ్లు. ప్రతి కాలి చివరా వంపు తిరిగిన గోరు! ఆ గోరు వంపు మనిషి వెంట్రుక మందానికి సరిగ్గా సరిపోతుంది. అందుకే పిల్ల ఎంత తల విదిలించినా, మనం ఎన్ని చెంబుల నీళ్లు కుమ్మరించినా పట్టు వదలదు!

ఇంతకీ దానికి రెక్కలెన్నో చెప్పండి? 0! ఎగరలేదు. దూకనూ లేదు! పక్క బెంచీ మీంచి ఎగిరొచ్చి పడిందనుకోవడం వట్టి అపోహ.

మరి ఎలా వస్తుంది? పాకి వస్తుంది! నిమిషానికి 23 సెం.మీ. దాకా పాకగలదు. దాని ఒంటికి అది ఎంత వేగమో ఆలోచించండి! ఇద్దరు పిల్లలు తలా తలా ఆనించి ఒకే ఫోన్లో బొమ్మలు చూస్తున్నారనుకోండి. ఒకే దిండు మీద కబుర్లాడుతూ నిద్రపోయారనుకోండి. ఆ కాసేపు చాలు! ఈ తల మీది వెంట్రుక పట్టుకుని ఆ తల మీదికి చేరిపోతుంది.

బడిలో నేల మీంచి, చాపల మీంచి ఎక్కుతాయని భయమా? ఆస్ట్రేలియాలో 118 తరగతి గదుల నేలను శ్రద్ధగా గాలించారు. ఆ గదుల్లో చదివే పిల్లల తలల మీద వేల కొద్దీ పేలు దొరికాయి. మరి నేల మీద? ఒక్కటంటే ఒక్కటి దొరకలేదు! తల వదిలి నేల మీద తిరగడం పేనుకు చావుతో సమానం.

దిండు గలీబుల సంగతి కూడా చూశారు! పేలున్న వాళ్లు రాత్రంతా పడుకున్న గలీబుల్లో 4 శాతం వాటి మీదే బతికున్న పేలు కనిపించాయి. 100 గలీబులకు 4! ఇంతోటిదానికి పరుపులు ఎండలో వేసి బాదడం, ఇల్లంతా పురుగుల మందు కొట్టడం ఎందుకండీ? ఆ ఓపికంతా పిల్ల తల మీద పెడితే పని అయిపోతుంది!

తల మీంచి జారి పడ్డ పేను ఎన్నాళ్లు బతుకుతుంది? రక్తం దొరక్కపోతే 2 రోజుల్లోపే చస్తుంది! ఈపులైతే, అంటే పేల గుడ్లైతే, తల వెచ్చదనం లేనిదే పొదగనే పొదగవు. గత 2 రోజుల్లో వాడిన తువ్వాళ్లు, దుప్పట్లు, రిబ్బన్లు ఉతికితే చాలు.

ఉతకడానికి ఎంత వేడి నీళ్లు కావాలి? 54 డిగ్రీలు! చేయి పెడితే చురుక్కుమనేంత వేడి. దువ్వెనల్ని ఆ నీళ్లలో ఓ పది నిమిషాలు నానబెట్టండి. ఇంత సులువు!

ఈత కొలనులో పేలు అంటుకుంటాయా? ఈ ప్రశ్న చాలామంది అమ్మలది. శాస్త్రవేత్తలు పేలను 20 నిమిషాలు నీళ్లలో ముంచి ఉంచారు. అవి కదలడం మానేశాయి. చచ్చాయనుకున్నారా? బయటికి తీయగానే మళ్లీ పాకడం మొదలెట్టాయి! ఊపిరి రంధ్రాలు మూసుకుని గమ్మున పడుంటాయన్నమాట. మునిగినంతసేపూ వెంట్రుకను మాత్రం వదల్లేదు. అంటే కొలను నీళ్ల వల్ల పేలు పోవు, పక్కవాళ్లకు అంటుకోవు కూడా!

కుక్కకు, పిల్లికి పేలు అంటుకుంటాయని వాటిని తరిమేయకండి పాపం! తల పేను మనిషి మీదే బతుకుతుంది. మన తల పేనుకు దగ్గరి చుట్టం చింపాంజీ మీద ఉంది. ఆ రెండు జాతులూ విడిపోయి సుమారు 60 లక్షల ఏళ్లు! మనుషులూ చింపాంజీలూ వేరు పడిన కాలమూ ఇంచుమించు అదే. మనం వేరైతే మన పేలూ వేరయ్యాయి!

ఇంకో వింత! మనిషి రక్తంలో పేనుకు సరిపడా విటమిన్ బి5 దొరకదు. మరి ఎలా బతుకుతోంది? దాని కడుపులో కాపురం ఉండే బాక్టీరియా ఆ విటమిన్ తయారు చేసి పెడుతుంది! తల్లి పేను ఆ బాక్టీరియాను గుడ్ల ద్వారా పిల్లలకు అందిస్తుంది.

దురద రాలేదు కాబట్టి పేలు లేవనుకుంటున్నారా? ఆగండి! మొదటిసారి పేలు పడ్డ పిల్లకు దురద మొదలవడానికి 4 నుంచి 6 వారాలు పట్టొచ్చు! పేను లాలాజలం ఒంటికి పడకపోవడం వల్ల పుట్టే దురద అది. ఒంటికి ఆ సంగతి తెలిసేసరికే నెల దాటిపోతుంది. అప్పటికి ఎంతమంది నేస్తాలకు అంటి ఉంటుందో! దురద కోసం ఎదురుచూడకుండా చూసుకోవాలనేది ఇందుకే.

ఒక్క తల మీద ఎన్ని పేలుండొచ్చు? పరిశోధకులు లెక్కలోకి తీసుకున్న అతి భారీ కేసులో 2,657! అన్ని పేలూ కలిసి నెలకు తాగే రక్తం లెక్క కడితే సుమారు నాలుగు చెంచాలు తేలింది. మామూలుగా పేలు పడ్డ పిల్లకు రక్తం తగ్గిపోతుందన్న భయం అక్కర్లేదు. కానీ నెలల తరబడి వదిలేసిన తల, సరైన తిండి లేని పిల్ల... అక్కడ మాత్రం ఆ నాలుగు చెంచాలూ బరువే!

తల పేను ఏ జబ్బూ మోసుకురాదు. ఇది చాలామందికి తెలియదు! ప్రాణాలు తీసిన టైఫస్ జ్వరాన్ని మోసేది దాని చుట్టం, బట్టల్లో దాక్కునే చీరపేను. ఆ గుట్టు 1909లో కనిపెట్టింది షార్ల్ నికోల్! తల పేనుతో వచ్చే చిక్కు వేరు. గోళ్లతో గీరీ గీరీ పుండ్లు పడతాయి, ఆ పుండ్లు చీము పడతాయి. చెవుల వెనక బిళ్లలు కట్టాయంటే డాక్టరుకు చూపించాల్సిందే.

చీరపేను ఎప్పుడు పుట్టిందో లెక్కగట్టి, మనిషి బట్టలు కట్టడం ఎప్పుడు మొదలెట్టాడో చెప్పేశారు! ఫ్లోరిడా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తల లెక్కలో సుమారు 1 లక్షా 70 వేల ఏళ్ల క్రితం! బట్ట అన్నది ఉంటేనే కదా అందులో పేను కాపురం పెట్టేది. తల పేనులోంచే చీరపేను వేరుపడింది. ఏ చరిత్ర పుస్తకమూ చెప్పలేని సంగతి ఒక పేను చెప్పింది చూడండి!

బ్రెజిల్లో తవ్వకాల్లో దొరికిన ఒక మనిషి వెంట్రుకకు ఈపి అంటుకుని ఉంది. దాని వయసు సుమారు 10,000 ఏళ్లు! ఇంకా ఊడలేదు!

ఆ జిగురు అంత గట్టిది మరి! ఆడ పేను తన ఒంట్లోంచి ఊరే జిగురుతో గుడ్డును వెంట్రుకకు అతికిస్తుంది. అర్జెంటీనాలో 1,500 ఏళ్లు దాటిన మమ్మీల జుట్టు మీది ఈపుల జిగురును పరీక్షించారు. అందులో ఆ మనుషుల డీఎన్ఏ భద్రంగా దొరికింది! ఎముకలో దొరికిన దానికి రెట్టింపు! వాళ్ల పూర్వీకులు ఎటు నుంచి వలస వచ్చారో కూడా ఆ జిగురే చెప్పింది. షాంపూతో ఈపి ఎందుకు ఊడదో ఇప్పుడు తెలిసిందా?

నాకు అన్నిటికన్నా బాగా నచ్చిన ముచ్చట ఇది! ఇజ్రాయెల్లోని లాకీష్ తవ్వకాల్లో ఏనుగు దంతంతో చేసిన చిన్న దువ్వెన దొరికింది. వయసు దాదాపు 3,700 ఏళ్లు! దాని మీద పొట్టి అక్షరాల్లో ఒక వాక్యం చెక్కి ఉంది. ఏమిటా వాక్యం? జుట్టులోంచి, గడ్డంలోంచి పేలు పోవాలన్న కోరిక! కనాను లిపిలో మనకు దొరికిన మొట్టమొదటి పూర్తి వాక్యం అదేనంటున్నారు పండితులు. రాజుల గొప్పలు కాదు, యుద్ధాల లెక్కలు కాదు. పేల బాధ! ఆ దువ్వెన పంటి సందున పేను అవశేషం కూడా దొరికింది!

ఈజిప్టు పూజారులు పేల భయంతో రోజు విడిచి రోజు ఒళ్లంతా గొరిగించుకునేవారట! క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాసిపెట్టాడు.

మన దగ్గర మొక్కు తీర్చుకుని గుండు చేయించుకుంటే పేలన్నీ ఒక్క పూటలో మాయం! నిజమే, పట్టుకోవడానికి వెంట్రుకే లేకపోతే పేను నిలవలేదు. కానీ పేల కోసమని ఎదిగిన ఆడపిల్ల జుట్టు తీయించకండి! వెంట్రుక నెలకు పెరిగేది 1 సెం.మీ. మాత్రమే. మళ్లీ జడ వేసేంత పెరగాలంటే ఏళ్లు పడుతుంది. బళ్లో ఆ పిల్ల పడే బాధ పేల బాధ కన్నా పెద్దది. రెండు వారాల్లో దువ్వెనతో పోయేదానికి అంత శిక్ష ఎందుకు?

1665లో రాబర్ట్ హుక్ సూక్ష్మదర్శిని కింద పేనును పెట్టి చూసి, బొమ్మ గీశాడు. మడత పెట్టిన పెద్ద కాగితం మీద, మనిషి వెంట్రుకను కాళ్లతో పట్టుకున్న పేను! అప్పటిదాకా దాని మొహం అంత స్పష్టంగా ఎవరూ చూడలేదు!

పేనుతో ముడిపడ్డ నోబెల్ బహుమతులు ఎన్నో ఊహించండి! 3! చీరపేను టైఫస్‌ను మోస్తుందని కనిపెట్టిన నికోల్‌కు ఒకటి. యుద్ధకాలంలో పేలను చంపిన డీడీటీ శక్తిని కనిపెట్టిన పౌల్ ముల్లర్‌కు ఇంకొకటి. ఇక మూడోది, ఈనాడు పేల మందుగానూ వాడుతున్న ఐవర్‌మెక్టిన్ వెనకున్న సతోషి ఒమురా, విలియం క్యాంప్‌బెల్‌లకు! ఆ మందుకు మూలమైన సూక్ష్మజీవి జపాన్లో ఒక గోల్ఫ్ మైదానం దగ్గర మట్టిలో దొరికింది!

సరే, ఇక అసలు పనిలోకి వద్దాం! ఆడ పేను రోజుకు 8 గుడ్ల దాకా పెడుతుంది. నెల రోజుల బతుకులో ఎన్నవుతాయో వేసుకోండి! పేనుకు పెత్తనమిస్తే తలంతా కొరికిందని ఊరికే అన్నారా పెద్దలు! ఒక్క ఆడ పేను మిగిలినా కథ మొదటికొస్తుంది.

మందు రాశాం, పేలు చచ్చాయి. వారం తిరిగేసరికి మళ్లీ ప్రత్యక్షం! ఎందుకో తెలుసా? గుట్టంతా ఈపిలో ఉంది! గుడ్డు పెట్టిన మొదటి 4 రోజులు లోపలి పిల్లకు నాడీ వ్యవస్థే ఉండదు. పేల మందుల్లో ఎక్కువ భాగం నాడుల మీదే దెబ్బ కొడతాయి. లేని నాడిని మందు ఏం చేస్తుంది చెప్పండి? అందుకే కొన్ని ఈపులు మందు తాగినా బతికిపోతాయి!

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ఈ వ్యాసం మొత్తంలో ఇదే ముఖ్యం! బతికిన ఈపులు వారం, తొమ్మిది రోజుల్లో పొదిగేస్తాయి. బయటికొచ్చిన పిల్ల పేను ఎదిగి తానూ గుడ్లు పెట్టాలంటే ఇంకో తొమ్మిది రోజులైనా కావాలి. ఆ మధ్యలో ఒక్క సందు ఉంది! ఈపులన్నీ పొదిగేసి ఉంటాయి, పిల్ల పేలు ఇంకా గుడ్లు పెట్టి ఉండవు. ఆ సందులో రెండోసారి మందు రాయాలి! ఆ సందు ఎప్పుడు? మొదటిసారి రాసిన 9 రోజులకు! ఆదివారం రాశారనుకోండి, పై వారం మంగళవారం మళ్లీ రాయాలి. చాలా ఇళ్లలో చేసేదల్లా మొదటిసారి రాసి, పేలు కనబడకపోయేసరికి సీసా అటక మీద పడేయడం! అక్కడే పేను గెలుస్తుంది. "ఈ మందు పనిచేయదండీ" అని దుకాణం వాడి మీద కోప్పడతాం. మందు తప్పు కాదు, తారీఖు తప్పు!

మందుల దుకాణంలో దొరికే 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ తలకు రాసి ఎంతసేపు ఉంచాలి? 10 నిమిషాలు! రాత్రంతా కాదు. ముందు మామూలు షాంపూతో కడిగి, కండిషనర్ గానీ నూనె గానీ పెట్టకుండా, తువ్వాలుతో తుడిచిన జుట్టుకు పట్టించాలి. కడిగేటప్పుడు తల సింకు మీదికి వంచండి. మందు నీళ్లు ఒళ్లంతా కారకుండా, కళ్లలో పడకుండా ఉంటాయి. రెండు నెలలు నిండని పసికందుకు మాత్రం వద్దేవద్దు!

మందు రాసిన 8 గంటల తర్వాత కూడా ఒకటీ అరా పేను కదులుతూ కనిపించిందా? బెంబేలెత్తి మళ్లీ రాయకండి! అది నెమ్మదిగా, తూలుతూ కదులుతుంటే చావుకు దగ్గరైనట్టే. దువ్వెనతో లాగేయండి. ముందున్న జోరుతోనే పరుగెడుతోందంటే మాత్రం ఆ మందు దానికి అలవాటైపోయింది. డాక్టరును అడిగి వేరే మందు వాడాలి.

మందు అలవాటవడం కూడా నిజమే! 2015లో అమెరికాలో పరిశోధకులు వేర్వేరు చోట్ల నుంచి 109 పేల గుంపులు తెచ్చి జన్యువులు చూశారు. ఏకంగా 104 గుంపుల్లో పెర్మెత్రిన్ జాతి మందుల్ని తట్టుకునే మార్పులు కనిపించాయి! అదే మందును ఏళ్ల తరబడి పదేపదే వాడితే బలమైనవే మిగులుతాయి.

మరి దారి? పేను అలవాటు పడటం కష్టమైన మందు ఒకటుంది! 4 శాతం డైమెథికోన్. ఇది సిలికోన్ నూనె. నాడుల జోలికే పోదు! పేను ఒంటిని కప్పేసి, దాని రంధ్రాల్ని మూసేస్తుంది. ఇదీ రెండోసారి రాయాల్సిందే, మరిచిపోకండి!

స్పినోసాడ్ అనే ఇంకో మందు కథ వింటే ముచ్చటేస్తుంది! 1982లో కరీబియన్ దీవిలో పాడుబడ్డ రమ్ము బట్టీ దగ్గర పట్టుకొచ్చిన గుప్పెడు మట్టిలో దాన్ని తయారుచేసే బాక్టీరియా దొరికింది!

ఐవర్‌మెక్టిన్ మాత్రలు సొంతంగా కొని పిల్లలకు మింగించకండి! 15 కిలోల బరువు లేని పిల్లలకు ఆ మాత్ర ఇవ్వరు. డాక్టరు రాయాల్సిందే.

ఇక మందే లేకుండా గెలిచే దారి! బ్రిటన్లో 2005లో ఒక పరీక్ష చేశారు. కొందరు పిల్లలకు దుకాణంలో కొన్న మందు రాశారు. మిగతా పిల్లలకు తడి జుట్టును సన్న దువ్వెనతో దువ్వారు, అంతే! మందు రాసిన వాళ్లలో 13 శాతం మందికే పేలు పోయాయి. దువ్విన వాళ్లలో? 57 శాతం! దువ్వెన గెలిచింది! మన అమ్మమ్మలు మధ్యాహ్నం అరుగు మీద కూర్చోబెట్టి చేసింది సగం ఈ పనే. మనకు తీరిక లేదని మానేశాం.

ఎలా దువ్వాలో చెబుతా, ఓపిగ్గా వినండి! తల కడగండి. తుడవకుండానే జుట్టుకు కండిషనర్ ధారాళంగా పట్టించండి. లేదంటే కొబ్బరినూనె! జారుడుగా ఉంటే పేను పారిపోలేదు, పిల్లకు నొప్పీ ఉండదు. ముందు పళ్లు దూరంగా ఉన్న దువ్వెనతో చిక్కు తీసేయండి. తర్వాత పాయలు పాయలుగా విడదీసి, పేల దువ్వెన పళ్లు నెత్తికి ఆనించి కొనదాకా లాగండి. ప్రతిసారీ తెల్లగుడ్డకు తుడిచి చూడండి. చెవుల వెనక, మెడ వెనక మరీ జాగ్రత్త, అవి వాటి అడ్డాలు! తలంతా అయ్యాక కడిగి ఇంకో విడత దువ్వండి. ఇలా 4 సార్లు! ఆదివారం మొదలెడితే గురువారం, పై సోమవారం, ఆ పై శుక్రవారం. మధ్యలో పొదిగిన పిల్ల పేలు ఎదగకముందే దువ్వెనకు చిక్కుతాయి. ఆఖరి రోజు కూడా పెద్ద పేను దొరికితే ఇంకొన్నాళ్లు సాగించండి.

దువ్వెన కొనేటప్పుడు పళ్ల సందు చూడండి! 0.3 మి.మీ. మించకూడదు. ఇనుప పళ్లదైతే మరీ మంచిది. ప్లాస్టిక్ పళ్లు వంగిపోయి ఈపుల్ని వదిలేస్తాయి.

పేలున్నాయో లేవో కళ్లతో పాయలు తీసి చూస్తే చాలనుకుంటున్నారా? జర్మనీలో లెక్క తీశారు! కళ్లతో చూసినప్పుడు పేలున్న పిల్లల్లో 29 శాతం మందే దొరికారు. అదే తడి జుట్టును దువ్వి చూస్తే దాదాపు అందరూ దొరికిపోయారు! పేను వెలుతురు పడగానే పక్కకు జరిగిపోతుంది మరి.

తల్లో తెల్లగా కనిపించినవన్నీ ఈపులేనా? కాదు! అమెరికాలో పేలంటూ పంపిన 614 నమూనాలు పరీక్షిస్తే, పదింట నాలుగింట్లో పేలూ లేవు, ఈపులూ లేవు! చుండ్రు పొట్టు, హెయిర్ స్ప్రే ముక్కలు, వేరే పురుగులు! వేలితో నెట్టి చూడండి. చుండ్రైతే జారిపోతుంది. ఈపి కదలదు!

ఈపి ఎక్కడుందో చూస్తే దాని వయసు చెప్పొచ్చు! పేను గుడ్డు పెట్టేది నెత్తికి 6 మి.మీ. లోపే, వెచ్చదనం కోసం. వెంట్రుక పెరిగేకొద్దీ ఈపి పైకి వెళ్తుంది. వేలెడు దూరంలో కనిపించే తెల్ల ఈపులు ఎప్పుడో పొదిగేసిన వట్టి పెంకులు! వాటికి మళ్లీ మందు అక్కర్లేదు.

ఇక్కడ కాస్త గట్టిగా చెప్పాలి, మన్నించండి! పేల కోసం పిల్ల తలకు కిరోసిన్ పోయడం దారుణం. దగ్గర్లో పొయ్యో, దీపమో ఉంటే 1 నిప్పురవ్వ చాలు! చర్మం బొబ్బలెక్కుతుంది, ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దయచేసి వద్దు!

కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయడం మన ఇళ్లలో మామూలే కదా? అది పసిపిల్లలకు విషం! కర్పూరం చర్మంలోంచి లోపలికి ఇంకుతుంది. నోట్లోకి పోతే నిమిషాల్లోనే మూర్ఛ రావచ్చు! అమెరికాలో ఒంటికి రాసే మందుల్లో కర్పూరం 11 శాతం మించకూడదని చట్టం ఉంది. మనం మాత్రం బిళ్లలకు బిళ్లలు నలిపి వేసేస్తాం. ముఖ్యంగా చిన్నపిల్లల దగ్గర ఆ డబ్బా కూడా అందుబాటులో ఉంచకండి.

సీతాఫలం గింజల పొడి? ఇది ఇంకా తక్కువ మందికి తెలుసు! ఆ పొడి పేలను చంపుతుంది, నిజమే. కానీ కంట్లో పడితే నల్లగుడ్డు పొర దెబ్బతింటుంది! చూపు మసకబారి, కన్ను తెరవలేక కంటి ఆస్పత్రికి పరుగెత్తిన కేసులు మన దేశంలోనే వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పొరపాటున పడితే నలపొద్దు. శుభ్రమైన నీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. సీతాఫలం తినడానికే, తలకు కాదు!

ఒకప్పుడు పేలకు తెగ వాడిన లిండేన్ గుర్తుందా? గామా బెంజీన్ హెక్సాక్లోరైడ్ అన్నా అదే. పిల్లల్లో మూర్ఛలు తేగలదు! దాన్ని 2002లోనే కాలిఫోర్నియా నిషేధించింది! చీమల మందు సుద్దముక్కలు, పంటల మందులు తలకు తగిలించే ఆలోచన ఉంటే ఈ క్షణమే మానేయండి.

వేడిగాలితో పేలు చస్తాయా? చస్తాయి! యూటా విశ్వవిద్యాలయంలో డేల్ క్లేటన్ బృందం చేసిన యంత్రం 30 నిమిషాల గాలితో దాదాపు ఈపులన్నిటినీ ఎండబెట్టేసింది. అది ప్రత్యేకంగా చేసిన యంత్రం సుమా! ఇంట్లో డ్రయ్యర్ పెడితే నెత్తి కాలుతుంది.

పిల్లలు దూరంగా ఉంటే పేలు తగ్గుతాయా? కరోనా చూపించింది! అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిరిస్‌లో దాదాపు 70 శాతం పిల్లలకు పేలుండేవి. లాక్‌డౌన్‌లో అది 44 శాతానికి పడిపోయింది! పూర్తిగా మాత్రం పోలేదు. ఇంట్లో అక్కాచెల్లెళ్లు ఉన్నారుగా! అందుకే ఇంటిల్లిపాది తలలూ ఒకే రోజు చూడాలి. ఒకే మంచం మీద పడుకునే వాళ్లందరికీ ఒకే రోజు మందు!

పేలున్నాయని పిల్లను బడికి రావద్దనడం న్యాయమా? కాదని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లో మరోసారి తేల్చి చెప్పింది! ఆ పిల్ల తల్లో పేలు ఇవాళ పడ్డవి కావు, నెల నుంచీ ఉన్నవే. ఆ రోజు క్లాసు పూర్తిగా విననివ్వండి. సాయంత్రం ఇంటికెళ్లాక మందు రాస్తారు. టీచరమ్మలూ, దయచేసి నలుగురిలో పేరు పెట్టి చెప్పకండి. ఆ మాట పిల్ల జన్మంతా మరిచిపోదు.

హాస్టళ్ల మాట వేరే! కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004లో మొదలైన పథకం. ఇలాంటి బడుల్లో, గురుకులాల్లో ఆడపిల్లలు పక్కపక్కనే పడుకుంటారు, ఒకరి జడ ఒకరు వేసుకుంటారు. ఒక్క గదికి మందు రాసి పక్క గది వదిలేస్తే ఫలితం సున్నా! వార్డెన్లకు ఒక్క విన్నపం. హాస్టల్ మొత్తానికి ఒకే రోజు తలలు చూడండి. పేలున్న వాళ్లందరికీ అదే రోజు మందు, మళ్లీ 9 రోజులకు రెండో విడత. పిల్లకో దువ్వెన ఇప్పించండి. గుండు గీయించే మాట మాత్రం వద్దు.

రోజూ బడికి వెళ్లే పాపకు రెండు జడలు బిగించి అల్లి, పైకి మడిచి రిబ్బను కట్టండి. వదిలేసిన జుట్టు పక్కవాళ్ల తలకు తగిలినంతగా అల్లిన జడ తగలదు! వారానికి 1 సారి పేల దువ్వెనతో చూస్తే, పడ్డ పేలు పెరగకముందే దొరుకుతాయి.

ఈ ఆదివారం తలంటు అయ్యాక పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని ఆ తడి జుట్టునే దువ్వి చూడండి. పేను దొరికి మందు రాస్తే, క్యాలెండర్లో పై వారం మంగళవారం చుట్టూ ఇప్పుడే సున్నా చుట్టండి. తర్వాత మీ పిల్లతో ఆడుకునే పిల్లల అమ్మలకు ఫోన్ చేసి, వాళ్లనూ అదే రోజు చూసుకోమని చెప్పండి!